అంగిలి మీద నిప్పు: ఉత్తరాంధ్ర అడ్డపొగ చరిత్ర

ఉత్తరాంధ్రలో చుట్ట కాల్చే పద్ధతులు రెండు. మొదటిది అందరూ ఎరిగినదే. ఒక కొస వెలిగించి, రెండో కొస పెదవుల మధ్య పెట్టుకుని పొగ పీలుస్తారు. రెండో పద్ధతి పేరు అడ్డపొగ. చుట్ట వెలిగించి నాలుగు దమ్ములు లాగి, నిప్పు బాగా రాజుకున్నాక చుట్టను తిప్పేసి నిప్పు ఉన్న కొసనే నోట్లో పెట్టుకుంటారు. పెదవులు చుట్ట చుట్టూ బిగుసుకుంటాయి. బయటికి కనిపించేది చల్లని కొస ఒక్కటే. లోపల నిప్పు నాలుకకూ బుగ్గకూ తగలకుండా చుట్టను నిలపడం ఏళ్ళ తరబడి అభ్యాసంతో వస్తుంది. బూడిద కొంత ఉమ్మేస్తారు, కొంత మింగుతారు. పైఆకు ఎంగిలితో తడిసి ఉంటుంది కాబట్టి చుట్ట నెమ్మదిగా కాలుతుంది. రోజుకి ఒకటి రెండు చుట్టలతో సరిపెట్టుకునేవారే ఎక్కువ.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెల్లో, ముఖ్యంగా సముద్రపు ఒడ్డు పేటల్లో ఈ అలవాటు తరాలుగా ఉంది. మగవాళ్ళలోనూ ఉన్నా, దీన్ని ఎక్కువగా నిలబెట్టింది ఆడవాళ్ళు. పొగ తాగడం మగవాడి అలవాటని లోకమంతా అనుకునే రోజుల్లో, ఇక్కడ పెళ్ళయి పిల్లలున్న ఆడది చుట్ట ముట్టించుకుంటే వింతగా చూసినవారు లేరు. ఇదొక్కచోటే ఉన్న ఆచారం కూడా కాదు. పనామా, కొలంబియా, వెనెజువెలా, ఇటలీలోని సార్డీనియా దీవి, ఫిలిప్పీన్స్‌లలో కూడా నిప్పు లోపల పెట్టుకుని పొగ తాగే జనం కనిపించారు. అక్కడా వారిలో ఆడవాళ్ళే ఎక్కువ. అయితే వైద్యులు ఈ అలవాటును ఎక్కువ కాలం, ఎక్కువ మందిలో పరిశీలించిన చోటు మాత్రం మన తూర్పు తీరమే.

పొగాకు వచ్చిన దారి

పొగాకు ఈ నేల మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో దక్కనుకు చేరింది. అక్బరు కొలువులోని అసద్ బేగ్ బిజాపూరు వెళ్ళినప్పుడు అక్కడ పొగాకు చూసి, 1604-05 ప్రాంతంలో కొంత పాదుషాకు కానుకగా పట్టుకెళ్ళాడు. ముందు ముచ్చటపడి ఒకటి రెండు దమ్ములు లాగిన అక్బరును, ఊరూపేరూ తెలియని ఈ ఆకు వద్దని ఆస్థాన వైద్యుడు వారించాడు. ఆ మందలింపు ఎవరి చెవికీ ఎక్కినట్టు లేదు. తర్వాత ఇరవై ఏళ్ళు తిరక్కుండానే తెలుగు నేల పొగాకు పండించి ఎగుమతి చేసే దశకు వచ్చింది. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తకుడిగా ఉన్న విలియం మెథ్వోల్డ్, గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతంలో ఇక్కడ పొగాకు విరివిగా పండుతుందనీ, మోఖాకూ అరకానుకూ ఓడల్లో వెళుతుందనీ పేర్కొన్నాడు.

గోదావరి లంకలు ఈ పంటకు పుట్టిల్లయ్యాయి. ఏటా వరద తీశాక మిగిలే ఒండ్రులో పెరిగిన లంక పొగాకుకు ఘాటెక్కువ. అది తిరుచిరాపల్లి చుట్టల్లోకీ వెళ్ళింది, కాకినాడ రేవు మీదుగా బర్మాకూ వెళ్ళింది. ‘లంక’ చుట్ట పేరు ఇంగ్లాండు దాకా పాకింది. ఆర్థర్ కానన్ డాయల్ 1890లో రాసిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి గుర్తుపట్టగలనని చెప్పుకున్న చుట్టల్లో ఇదొకటి. అదే దశాబ్దంలో విజయనగరంలో గురజాడ అప్పారావు రాసిన ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్టను ఆకాశానికెత్తి పొగుడుతాడు. పొగాకు పుట్టుకను అమృతంతో ముడిపెట్టే చాటుపద్యం జనం నోళ్ళలో అప్పటికే నానుతోంది. దేశానికి వచ్చి మూడు వందల ఏళ్ళయినా కాకముందే పరాయి ఆకుకు పురాణం పుట్టిందంటే, అది మన దినచర్యలో ఎంతగా కలిసిపోయిందో తెలుస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో గుంటూరు సీమలో సిగరెట్ల కోసం వర్జీనియా పొగాకు సాగు మొదలై పెద్ద వ్యాపారంగా ఎదిగింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చాయి. ఆకు ఆరబెట్టే బ్యారన్లు, వేలాలు, ఎగుమతులు ఆ కథలోవి. చుట్ట కథ వేరు. దాని ఆకు నాటు పొగాకు. ఎండలో, నీడలో తోరణాలుగా కట్టి ఆరబెట్టిన ఆకును కట్టల లెక్కన సంతలో అమ్మేవారు. కొనుక్కున్నవారు ఈనె తీసి, తడి చేసి, ఒళ్ళో పెట్టుకుని తామే చుట్టుకునేవారు. దానికి ఫ్యాక్టరీ లేదు, బ్రాండు లేదు, ప్రకటన లేదు. తల్లి చేతి నుంచి కూతురి చేతికి వచ్చిన సరుకది.

ఎందుకు తిప్పారు

నిప్పును లోపల పెట్టుకోవాలని మొదట ఎవరికి తోచిందో చెప్పే కాగితం లేదు. ఎందుకని అడిగిన పరిశోధకులకు ఊళ్ళలో జనం చెప్పిన కారణాలు మాత్రం ఉన్నాయి. వాటిని విడివిడిగా చూస్తే ఒక్కటీ పిచ్చిమాట కాదు.

సముద్రం మీద గాలి ఆగదు, అలల తుంపర ఆగదు. పడవలో వెలిగించిన చుట్ట నిమిషంలో ఆరిపోతుంది. నిప్పు నోట్లో ఉంటే ఆరదు. రేవులో నీళ్ళలో నిలబడి బట్టలుతికే వారికీ, వానలో తడుస్తూ నాట్లు వేసే వారికీ ఇదే సౌకర్యం. వల లాగేటప్పుడూ, చేపల గంప నెత్తిన పెట్టుకున్నప్పుడూ, నారు పట్టుకున్నప్పుడూ రెండు చేతులూ పనిలో ఉంటాయి. పెదవుల మధ్య బిగించిన చుట్టను చేత్తో పట్టుకోనక్కర్లేదు, బూడిద దులపనక్కర్లేదు. ఒళ్ళో పసిబిడ్డ ఉన్న తల్లికి ఇంకో భయం ఉంది. నిప్పురవ్వ బిడ్డ మీద పడకూడదు. తాటాకు కప్పు, వెదురు తడికెల ఇళ్ళలో ఆ భయం ఇంటికంతటికీ వర్తిస్తుంది.

సిగ్గు కూడా ఒక కారణం. మామగారి ఎదుట, ఊరి పెద్దల ఎదుట పొగ వదలడం కోడలికి తగదు. అడ్డపొగలో వెలుగు కనిపించదు, పొగ తక్కువగా బయటికొస్తుంది. చలికి నోరు వెచ్చగా ఉంటుందనీ, పంటి నొప్పి తగ్గుతుందనీ చెప్పినవారూ ఉన్నారు. అన్నిటికంటే మామూలు కారణం, అమ్మ అలాగే తాగింది కాబట్టి. పొయ్యిలో ముట్టించి తెమ్మని తల్లి చుట్ట చేతికిస్తే, పొయ్యి దగ్గర్నుంచి అరుగు దాకా వచ్చేలోపు రెండు దమ్ములు లాగిన పిల్లలకు అలవాటు అక్కడే అంటుకుంది.

ప్రాణం తీసే అలవాటును అజ్ఞానం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇక్కడ జరిగింది అది కాదు. గాలికీ, నీటికీ, పనికీ, పసిబిడ్డకూ, పెద్దల చూపుకూ తగ్గట్టు జనం చుట్టను సర్దుకున్నారు. బిడ్డ మీద రవ్వ పడకుండా చూసుకున్న తల్లి ఆ వేడిని తన నోటికి పెట్టుకుంది. దాని ఖరీదు ముప్పై నలభై ఏళ్ళ తర్వాత గానీ బయటపడదు. అంతకాలం ఆగి వచ్చే జబ్బుకూ, ఈ రోజు కాల్చే చుట్టకూ ముడి ఉందని ఊళ్ళో ఎవరికైనా తట్టడం కష్టం.

విశాఖ వైద్యులు చూసింది

ఆ ముడి మొదట ఆసుపత్రిలో కనిపించింది. 1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల, దానికి అనుబంధంగా కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలయ్యాయి. చుట్టుపక్కల జిల్లాల రోగులు ఒక్కచోటికి రావడంతో, విడివిడిగా ఊళ్ళలో కనిపించని పోలిక వైద్యుల కంటపడింది. నోటి కాన్సరు మన దేశంలో కొత్త కాదు. అది సాధారణంగా బుగ్గ లోపల, నాలుక పక్కన, చిగురు మీద వస్తుంది. తాంబూలమో పొగాకో నొక్కిపెట్టిన చోట పుండు పడుతుంది. గట్టి అంగిలి మీద కాన్సరు ప్రపంచంలో చాలా చోట్ల అరుదు. విశాఖలో మాత్రం అంగిలికి పుండుతో వచ్చేవారు వరసగా కనిపించారు.

1937లో ఎం.జి. కిణి, కె.వి. సుబ్బారావు ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో కాన్సరు సమస్యపై వ్యాసం ప్రచురించి, ఈ అంగిలి కాన్సర్లను నిప్పు లోపల పెట్టుకునే అలవాటుతో ముడిపెట్టారు. లండనులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ సిగరెట్టుకూ ఊపిరితిత్తుల కాన్సరుకూ సంబంధం చూపుతూ రాసిన ప్రసిద్ధ వ్యాసం 1950 నాటిది. దానికి 13 ఏళ్ళ ముందే తెలుగు తీరంలో ఒక ఆసుపత్రి వార్డు నుంచి పొగాకు మీద ఆ అభియోగం నమోదైంది.

వైద్యచరిత్రలో దీనికి ముందు మెట్లున్నాయి. లండను పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్ళకు వృషణాల తిత్తి మీద వచ్చే కాన్సరుకు మసి కారణమని పెర్సివాల్ పాట్ 1775లోనే చెప్పాడు. చలికి కాంగడీ అనే నిప్పుకుంపటిని అంగీ లోపల పొట్టకు ఆనించి పెట్టుకునే కాశ్మీరీలకు పొట్ట మీద, తొడల మీద కాన్సరు వస్తోందని 1866లో వైద్యుడు ఎల్మ్‌స్లీ రాశాడు. అదీ ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లోనే. 1933లో తిరువాన్కూరు ప్రాంతపు తాంబూలం అలవాటు, నోటి కాన్సరుల గురించి ఓర్ అనే వైద్యుడి వ్యాసం ‘లాన్సెట్’లో వచ్చింది. అడ్డపొగతో కలిపి ఈ నాలుగింటిలోనూ పద్ధతి ఒకటే. ఏ భాగానికి ఏ ఒరిపిడి తగులుతోందో, ఆ భాగంలోనే జబ్బు పుడుతోంది. శరీరం మీద జబ్బు పుట్టిన చోటే అలవాటు ఆనవాలు చూపిస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఆంధ్ర మెడికల్ కాలేజీ పాథాలజీ విభాగం ఈ పనిని ముందుకు తీసుకెళ్ళింది. కోస్తా ఆంధ్రలో అంగిలి కాన్సరు మీద డి.జి. రెడ్డి, వి.కె. రావు 1957లో వ్యాసం ప్రచురించారు. 1970లలో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి బృందం అంగిలి పొర ఎలా మారుతూ వస్తుందో సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది.

ఆ మార్పుల క్రమం ఇది. మొదట అంగిలి తెల్లబారుతుంది. ఆ తెలుపు మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. అవి చిన్న లాలాజల గ్రంథుల ద్వారాలు, వేడికి వాచినవి. కొందరిలో అంగిలి నల్లబడుతుంది, మరికొందరిలో సహజమైన రంగు పోయి మచ్చలు పడతాయి. తర్వాత దళసరి తెల్లమచ్చలు, ఎర్ర మచ్చలు, మానని పుండు. ఇదంతా ఏళ్ళు పడుతుంది, చాలాకాలం నొప్పి ఉండదు. అడ్డపొగ తాగే ప్రతివారికీ కాన్సరు రాదు. కానీ ప్రమాదం మామూలు చుట్ట కంటే ఎక్కువ. ఎందుకంటే పొగ చల్లబడే దూరం లేదు. నిప్పూ, తారూ అంగిలికి అతి దగ్గరగా ఉంటాయి. 1960లలో కరీబియన్, దక్షిణ అమెరికా దేశాల్లో ఇలా పొగ తాగేవారి నోటిలోని గాలిని కొలిచినప్పుడు వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా నమోదైంది.

ఇంటింటి తలుపు

ఆసుపత్రి లెక్కకు ఒక లోపముంది. జబ్బు ముదిరి, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చినవారే అక్కడ కనిపిస్తారు. ఊళ్ళో ఎంతమంది అడ్డపొగ తాగుతున్నారో, వారిలో ఎంతమంది అంగిలి మారిందో తెలియాలంటే ఊరికే వెళ్ళాలి.

ఆ పని బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఉన్న దంత పరిశోధన విభాగం చేసింది. దంతవైద్యుడు ఫాలీ మెహతా, గణాంక శాస్త్రజ్ఞుడు ప్రకాశ్ గుప్తా, డెన్మార్కుకు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు పిండ్‌బోర్గ్ ఇందులో ముఖ్యులు. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, అప్పటి బీహారులో దర్భంగా, సింగ్‌భూం, మన శ్రీకాకుళం: ఈ ఐదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి 50,915 మంది నోళ్ళు పరీక్షించారు. ఫలితాలు 1969లో వచ్చాయి. ఒక్కో జిల్లాది ఒక్కో అలవాటు, దానికి తగ్గ జబ్బు. అప్పటి శ్రీకాకుళం జిల్లా ఇప్పటికంటే పెద్దది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు అందులోవే.

శ్రీకాకుళం వివరాలు 1971లో విడిగా ప్రచురితమయ్యాయి. పరీక్షించిన 10,169 మందిలో 43.8 శాతం అడ్డపొగ తాగేవారు. ఆసుపత్రిలో వింత అనిపించినది ఊళ్ళో సగానికి కొంచెం తక్కువ మంది రోజువారీ పని. అంగిలి మార్పులు కాన్సరుకు చాలా ముందే కంటికి కనిపిస్తాయని కూడా ఈ సర్వే తేల్చింది. అంటే వెతికితే ముందే దొరుకుతుంది.

అదే బృందం పదేళ్ళపాటు శ్రీకాకుళం పల్లెలకు తిరిగి తిరిగి వెళ్ళింది. 1984లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చిన ఫలితం ప్రకారం, పొగాకు ముట్టనివారి కంటే అడ్డపొగ తాగేవారిలో మరణాల రేటు ఎక్కువ. నష్టం అంగిలితో ఆగలేదన్నమాట.

ఇంకో ప్రశ్న మిగిలింది. చెబితే మానుతారా? నాలుగు తరాల అలవాటును ఒక వైద్యుడి మాట కదిలించగలదా? ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని ఈ ప్రయోగం చేశారు. ఏటా ఇంటికి వెళ్ళి నోరు చూసి, అక్కడే విడిగా కూర్చోబెట్టి చెప్పారు. సినిమాలు వేశారు, బొమ్మల పోస్టర్లు చూపారు. 1986లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాల్లో, ఇలా చెప్పించుకున్నవారిలో మానినవారూ తగ్గించినవారూ పెరిగారు. మానినవారి నోట్లో కొత్త మచ్చలు తగ్గాయి. చదువు రాని పల్లెటూరి జనం చెబితే వినరన్న నమ్మకాన్ని ఈ ఫలితం కొట్టివేసింది. తన నోటి సంగతి తనకు తెలిసిన భాషలో, తన అరుగు మీద చెబితే విన్నారు. చెప్పడానికి ఎవరూ రాకపోవడమే అంతదాకా ఉన్న లోపం.

చట్టానికి అందని చుట్ట

పొగాకు నియంత్రణ చట్టం 2003లో వచ్చింది, 2004 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని గట్టిగా నిషేధించారు. 2016 ఏప్రిల్ నుంచి పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలన్నారు. సిగరెట్టు, బీడీలకు ఇవన్నీ మేలు చేసే నియమాలు. కానీ సంతలో కట్టగా కొన్న ఆకుకు పెట్టె ఏది? పెట్టె లేని చోట బొమ్మ ఎక్కడ వేస్తారు? తన ఇంటి అరుగు మీద, తన పొలం గట్టు మీద చుట్ట కాల్చే ముసలమ్మకు బహిరంగ ప్రదేశాల నిషేధం వర్తించదు. ధర పెంచి మాన్పించే పన్నుల ఉపాయం కూడా విడి ఆకు దాకా పోదు. పట్నపు మగవాడి సిగరెట్టును దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టమిది. పల్లెటూరి ఆడదాని చుట్ట దాని చూపులో లేదు.

అడ్డపొగ ఇప్పుడు తగ్గుతోంది. బడికి వెళ్ళిన ఆడపిల్లలు చుట్ట ముట్టలేదు. ఇప్పటికీ తాగేవారిలో వయసు మళ్ళినవారే ఎక్కువ. అయితే పొగాకు ఊరు వదిలిపోలేదు, రూపం మార్చుకుంది. కుర్రాళ్ళ జేబుల్లో ఖైనీ, గుట్కా పొట్లాలు చేరాయి. ఒడిశా సరిహద్దు పల్లెల్లో పళ్ళకు రుద్దుకునే గుడాకు ఉంది. 2013లో ఆంధ్రప్రదేశ్ గుట్కాను నిషేధించినా దొంగచాటు అమ్మకం ఆగలేదు. జబ్బు అంగిలి నుంచి బుగ్గకు మారుతుందే తప్ప పోదు.

ఇదే శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది. అక్కడి కొబ్బరి, జీడి తోటల మధ్య మూత్రపిండాల జబ్బు ఇళ్ళకు ఇళ్ళనే కుంగదీసింది. నీరా, వేడిలో చాకిరీయా, మరేదైనా కలిసిందా అని ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. కారణం తెలియని జబ్బు ముందు వైద్యులు నిస్సహాయులు కావడం అర్థం చేసుకోవచ్చు. అడ్డపొగ విషయం అలా కాదు. కారణం 1937 నుంచి తెలుసు. జబ్బు ఎంత వ్యాపించిందో 1971 నుంచి తెలుసు. ఏం చేస్తే తగ్గుతుందో 1986 నుంచి తెలుసు. ఇంత తెలిసి కూడా ఈ వయసు మళ్ళిన ఆడవాళ్ళను వదిలేయడం అన్యాయం. ఈ వయసులో మానితే మాత్రం ఏం లాభం అనే మాట ఇళ్ళలోనే కాదు, ఆసుపత్రుల్లోనూ వినిపిస్తుంది. ఆ మాట తప్పు. తొలి దశలోని మచ్చలు చాలావరకు పొగ మానితే తగ్గుముఖం పడతాయి. కాన్సరే వచ్చినా, చిన్న పుండుగా ఉన్నప్పుడు కోత చిన్నది, బతికే అవకాశం ఎక్కువ. ముదిరితే అంగిలికి చిల్లు పడి, తిన్న అన్నం, తాగిన నీళ్ళు ముక్కులోకి వస్తాయి. మాట కూడా ముక్కుతో వస్తుంది.

30 ఏళ్ళు దాటినవారికి ఐదేళ్ళకొకసారి నోటి పరీక్ష చేయాలని జాతీయ కార్యక్రమం ఉంది. విశాఖ శివార్లలోని అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉంది. ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది. ఉత్తరాంధ్రలో ఈ పరీక్షకు ఒక చిన్న జాగ్రత్త కలపాలి. మామూలుగా బుగ్గలు, నాలుక, చిగుళ్ళు చూసి సరిపెడతారు. ఇక్కడ కట్టుడుపళ్ళుంటే తీయించి, తల వెనక్కి వాల్పించి, టార్చి వేసి అంగిలి చూడాలి. చుట్ట తాగుతారా అని అడిగి ఊరుకోకుండా, నిప్పు ఎటు పెట్టుకుంటారని అడగాలి. రెండు మూడు వారాల్లో మానని పుండు గానీ, తెల్లటి, ఎర్రటి మచ్చ గానీ కనిపిస్తే అదే వారం పెద్దాసుపత్రికి పంపాలి.